వేగం తక్కువైతే బ్రేకు అక్కర్లేదా, మంత్రిగారూ?

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నా టేబుల్ సొరుగులో జానెడు బ్రేక్ కేబుల్ ముక్క ఒకటి ఉంది. ఒక చివర చిన్న లోహపు గుండు, రెండో చివర చీపురు పుల్లల్లా విచ్చుకున్న ఉక్కు పోగులు. పోగుల్లో చాలావాటికి తుప్పు పట్టింది. రెండు మూడు మాత్రం ఇంకా మెరుస్తున్నాయి. మా అమ్మాయి బండిని ఆఖరి రోజు దాకా ఆపుతూ వచ్చినవి ఆ రెండు మూడు పోగులే. ఆ రోజు అవి కూడా తెగాయి.

బండి ఎలక్ట్రిక్ స్కూటర్. లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నంబర్ ప్లేటు అక్కర్లేదు అని చెప్పి అమ్మే తక్కువ వేగం రకం. ఇంటర్‌లో చేరిన పిల్లకి గేరు బండి ఇవ్వడానికి భయపడి, గంటకు పాతిక కిలోమీటర్లు దాటదు కదా అని ధైర్యం చేసి కొన్నాను. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ కొనేటప్పుడు బ్యాటరీ ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, ఎన్ని గంటల్లో ఛార్జ్ అవుతుంది అని పది ప్రశ్నలు వేసినవాణ్ణి బ్రేకు గురించి ఒక్కటీ అడగలేదు. అడిగినా చూపించడానికి వాళ్ల దగ్గర కాగితం లేదని తర్వాత తెలిసింది.

వంతెన దిగుతుంటే వెనక బ్రేకు వేసే ఎడమ చేతి లీవర్ ఒక్కసారిగా వదులైపోయిందట. కుడి చేతి లీవర్ పూర్తిగా నొక్కితే హ్యాండిల్‌కి తగిలిందే తప్ప ముందు బ్రేకు పడలేదు. చెప్పులు రోడ్డుకి రాస్తూ కొంత దూరం వచ్చి, ఆగి ఉన్న ఆటో వెనక గుద్దుకుంది. మణికట్టు ఎముక చిట్లి మూడు వారాలు కట్టుతో ఉంది. ఆటోలో ఎవరూ లేరు. ముందు నడిచి వెళ్లేవాళ్లు కూడా ఎవరూ లేరు. కాబట్టి ఇది పోలీసు కేసు కాలేదు, పేపర్లో రాలేదు, ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

మెకానిక్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైర్ అయినవాణ్ణి, ఏదైనా విప్పుతుంటే పక్కన నిలబడి చూడటం అలవాటు. అతను లీవర్ విప్పి ఈ ముక్క నా చేతిలో పెట్టాడు. “ఇది ఇవాళ తెగింది కాదు సార్, ఒక్కో పోగూ తెగుతూ వచ్చింది. వానలో తడిసి, గ్రీజు లేక ఇట్లయింది” అన్నాడు. ముందు బ్రేకు సంగతేంటని అడిగితే చక్రం మధ్యలోని బ్రేకు డ్రమ్ము దగ్గరి నట్టు చూపించాడు. కొన్నప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. కొత్త కేబుల్ మొదట్లో సాగుతుంది కాబట్టి టైట్ చేయాలి. చేయలేదు.

నన్ను నిజంగా భయపెట్టింది ఆ తర్వాత చూపించింది. బండిని సెంటర్ స్టాండ్ మీద ఎక్కించి యాక్సిలరేటర్ తిప్పాడు, వెనక చక్రం తిరిగింది. అది తిరుగుతుండగానే ముందు బ్రేకు లీవర్ పట్టాడు. లీవర్ పట్టగానే మోటార్‌కి కరెంటు ఆగిపోవాలట, అందుకు లీవర్ లోపల చిన్న స్విచ్ ఉంటుంది. చక్రం ఆగలేదు. ఆ స్విచ్ వైరు ఎప్పుడో ఊడిపోయింది. తర్వాత కొత్త కేబుల్ వేసి వెనక బ్రేకు పట్టి, యాక్సిలరేటర్ వదలకుండా చూపించాడు. అటు వైరు కూడా అంతంత మాత్రమే. చక్రం మూలుగుతూ, డ్రమ్ములో బ్రేకు షూ రాసుకుంటూ తిరుగుతూనే ఉంది. అంటే గాభరాలో పిల్ల చేయి యాక్సిలరేటర్ మీద బిగుసుకుపోతే, బ్రేకు ఒక పక్క లాగుతుంటే మోటార్ ఇంకో పక్క తోస్తుంటుంది. పెట్రోల్ బండిలో కూడా ఇలాంటిది జరగొచ్చు, కాదనను. కానీ ఎలక్ట్రిక్ మోటార్ సున్నా వేగం నుంచే బలంగా తోస్తుంది. పైగా చప్పుడు ఉండదు, ఇంజిన్ అరుపు విని చేయి వదిలే అవకాశం కూడా లేదు.

ఇంటికొచ్చి నిబంధనలు తిరగేశాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 2(యు) నిబంధన ఉంది. మోటార్ ముప్పై నిమిషాల పాటు నిలకడగా ఇవ్వగల పవర్ 0.25 కిలోవాట్ కంటే తక్కువ ఉండాలి, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువ ఉండాలి. ఈ రెండూ నిజమేనని పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే ఆ బండి చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు. మోటారు వాహనం కాకపోతే లైసెన్స్, రిజిస్ట్రేషన్, బీమా, హెల్మెట్ నిబంధనలన్నీ ఒక్క దెబ్బతో పక్కకి పోతాయి. వాటితో పాటు బ్రేకుల గురించి చెప్పే 96వ నిబంధన కూడా పోతుంది. ద్విచక్ర వాహనాల బ్రేకులు ఎంత దూరంలో ఆపాలో, ఎలా పరీక్షించాలో చెప్పే ఐఎస్ 14664 ప్రమాణం కూడా అంతే.

అదే 2(యు)లో కొంచెం కిందికి వెళితే పెడల్ తొక్కితే మోటార్ సాయం చేసే సైకిళ్ల ప్రస్తావన ఉంది. వాటికి “తగిన బ్రేకులు” ఉండాలని, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలని స్పష్టంగా రాశారు. మంచిదే. తొక్కితే తప్ప నడవని సైకిల్‌కి బ్రేకు మాట రాసిన చేయి, తొక్కకుండానే పరిగెత్తే, దానికంటే ఎంతో బరువైన స్కూటర్ దగ్గర ఎందుకు ఆగిపోయింది? స్కూటర్‌ని అడుగుతున్నది పవరెంత, వేగమెంత అన్న రెండే ప్రశ్నలు. ఎలా ఆగుతావు అన్న ప్రశ్న ఆ వాక్యాల్లో లేదు.

రాసిన వాళ్ల ఆలోచన ఊహించగలను. పాతిక కిలోమీటర్ల లోపు బండి దాదాపు సైకిలే కదా, దాన్ని కాగితాలతో ఎందుకు ఇబ్బంది పెట్టాలి అనుకుని ఉంటారు. లైసెన్స్ విషయంలో ఆ వాదన నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ 25 అనేది మోటార్ ఇచ్చే వేగానికి పెట్టిన హద్దు. వంతెన వాలు నిబంధనలు చదవదు. దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా బండిని భూమి లాగుతుంది. మోటార్‌కి ఎంత కరెంటు వెళ్లాలో చూసుకునే కంట్రోలర్ ఆ కరెంటు ఆపగలదు కానీ గురుత్వాకర్షణను ఆపలేదు. మా అమ్మాయి బండి ఆ రోజు ఎంత వేగంలో ఉందో నాకు తెలియదు, పాతిక మాత్రం దాటే ఉంటుంది.

పాతికనే లెక్కలోకి తీసుకుందాం. గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు ఏడు మీటర్లు. ఎదురుగా ఏదో వచ్చిందని కన్ను చూసి, చేయి లీవర్ మీదికి వెళ్లడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, బ్రేకు పడకముందే ఏడు మీటర్లు అయిపోయాయి. రెండు బ్రేకులూ చక్కగా పనిచేసి సెకను సెకనుకీ వేగాన్ని సెకనుకు మూడున్నర మీటర్ల చొప్పున తగ్గిస్తే మరో ఏడు మీటర్లలో బండి ఆగుతుంది, మొత్తం పద్నాలుగు. వెనక బ్రేకు ఒక్కటే, అదీ సగం సగం పడితే ఆ తగ్గుదల సెకనుకు రెండు మీటర్లకి పడిపోతుంది, మొత్తం దూరం పంతొమ్మిదికి చేరుతుంది. ఆ ఐదు మీటర్లలోనే రోడ్డు దాటే మనిషి ఉంటాడు. వేగం 40కి చేరితే, బ్రేకులు బాగున్నా మొత్తం 29 మీటర్లు కావాలి. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లకి కాస్త ఎక్కువ, బ్రేకు లాగాల్సిన శక్తి పెరిగింది రెండున్నర రెట్లు. పిల్లలకి ఎన్నో ఏళ్లు నల్లబల్ల మీద చేయించిన లెక్కే ఇది, ఇంట్లో జరిగాక మళ్లీ చేయాల్సి వచ్చింది.

వెనక బ్రేకు ఒక్కదాని మీద బతకడం మన అలవాటు. “ముందు బ్రేకు పట్టొద్దు, పల్టీ కొడతావు” అని బండి నేర్పే ప్రతి మామయ్యా, బాబాయీ చెబుతారు. నేను కూడా అలాగే చెప్పాను, ఒప్పుకుంటున్నాను. నిజానికి బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతుంది, వెనక చక్రం తేలికై జారడం మొదలుపెడుతుంది. ఎక్కువ ఆపగలిగేది ముందు చక్రమే. ఒక్కసారిగా పీకకుండా నొక్కుతూ పోవాలి, అంతే. రెండు చక్రాలకీ బ్రేకు పంచే పద్ధతి పెట్రోల్ బండ్లకి మీ శాఖే తెచ్చింది. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన వాటికి, గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్, ఆ లోపు వాటికి ఒక లీవర్ నొక్కితే రెండు చక్రాలకీ పడే కంబైన్డ్ బ్రేకు గానీ ఏబీఎస్ గానీ తప్పనిసరి చేశారు. 2025 జూన్‌లో ఏబీఎస్‌ని ఇంకా చాలా బండ్లకి విస్తరించాలని ముసాయిదా కూడా తెచ్చారు. నాకు ఇందులో ఏ అభ్యంతరమూ లేదు. పెద్ద బండికి కంప్యూటర్‌తో ఆలోచించే బ్రేకు కావాలంటున్న అదే శాఖ, చిన్న బండికి తెగని కేబుల్ ఉందా అని కూడా అడగకపోవడమే వింతగా ఉంది.

మోటారే బ్రేకులా పనిచేస్తుంది కదా, రీజెనరేటివ్ బ్రేకింగ్ ఉంది కదా అని కొందరు కంపెనీల వాళ్లు అంటారు. దాన్ని తక్కువ చేయడం లేదు. వేగాన్ని తగ్గిస్తూ ఆ శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపడం మంచి ఇంజినీరింగ్. కానీ బ్యాటరీ నిండుగా ఉంటే ఆ శక్తి ఎక్కడికి పోతుంది? పొద్దున్నే ఛార్జింగ్ తీసి బయల్దేరి, ఇంటి ముందే దిగుడు ఉంటే ఆ సాయం సరిగ్గా అప్పుడే ఉండదు. వేగం బాగా తగ్గాక కూడా దాని పట్టు సడలిపోతుంది, చివరి రెండు మీటర్లు ఆపాల్సింది మామూలు బ్రేకే. ఫ్యూజ్ పోయినా, కంట్రోలర్ మొరాయించినా అసలే లేదు. అందుకే దాన్ని అదనపు సాయంగా లెక్కపెట్టుకోవాలి గానీ, రెండు బ్రేకుల్లో ఒకటిగా చూపించనివ్వకూడదు. నిలబడి నడిపే చిన్న స్కూటర్లలో ఈ గారడీ ఎక్కువ. ముందు మోటార్ బ్రేకు, వెనక మడ్‌గార్డ్‌ని కాలితో తొక్కడం. వాన పడ్డప్పుడు ఆ ప్లాస్టిక్ ముక్క తడి టైరుని ఎంత ఆపుతుందో మీ శాఖలో ఎవరైనా ఒకసారి నిలబడి చూస్తే బాగుంటుంది.

జర్మనీ ఈ పని చేసి చాలా కాలమైంది. 2019 జూన్ 15 నుంచి అక్కడ చిన్న ఎలక్ట్రిక్ వాహనాలకి ప్రత్యేక నిబంధనలు అమల్లో ఉన్నాయి. అక్కడ వాటి గరిష్ఠ వేగం గంటకు 20 కిలోమీటర్లు, అంటే మన పాతిక కంటే తక్కువే. అయినా ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు బ్రేకులు ఉండాల్సిందే. నేను పైన లెక్కలో వాడిన మూడున్నర సంఖ్య అక్కడి చట్టంలోదే, బ్రేకులు కనీసం అంత తగ్గుదల ఇవ్వాలి. రెండింట్లో ఒకటి చెడిపోతే, మిగిలినది కనీసం 44 శాతం పనితనం చూపించాలి, అదీ బండి పక్కకి లాగకుండా. నాకు బాగా నచ్చింది ఈ చివరి వాక్యం. కేబుల్ ఏదో ఒక రోజు తెగుతుందని ముందే ఒప్పుకుని, తెగిన రోజు ఏం జరగాలో రాసిపెట్టారు. ఆ 44 శాతంతో పాతిక వేగంలో ఉన్న బండి, బ్రేకు పడ్డాక పదహారు మీటర్లలోపు ఆగుతుంది. మా అమ్మాయి బండికి తెగిన తర్వాత మిగిలింది చెప్పులు.

కాబట్టి అడిగేది పెద్దదేమీ కాదు. 2(యు) మినహాయింపు ఇచ్చే ముందు పరీక్షా సంస్థ బ్రేకులు కూడా చూడాలని నిబంధనలో రాయండి. ముందు చక్రానికి ఒకటి, వెనక చక్రానికి ఒకటి, దేని కేబుల్ దానికే ఉండాలి. ఒక్కోదాన్ని విడిగా కూడా పరీక్షించాలి. ఆ పరీక్ష ఒక్క సన్నపాటి మనిషితో, ఎండ రోజున, సమతలం మీద చేస్తే సరిపోదు. వెనక సీటు అంటూ ఒకటి పెట్టి అమ్ముతున్నారంటే వెనక మనిషి ఎక్కుతాడు. కాళ్ల దగ్గర ఖాళీ ఉందంటే అక్కడ సంచి పెడతారు. లెడ్ యాసిడ్ బ్యాటరీల బండి అయితే దాని బరువే దానికి బోలెడు. అంత బరువుతో, తడి చక్రాలతో, దిగుడులో బండి ఎన్ని మీటర్లలో ఆగిందో కొలవాలి. ఆ సంఖ్యని బండి మీదే ఒక స్టిక్కర్ వేసి, ‘ఒక్క ఛార్జ్‌తో ఇన్ని కిలోమీటర్లు’ అని రాసే సైజులోనే రాయించాలి. షోరూంలో రెండు సంఖ్యలూ పక్కపక్కన కనిపిస్తే మాలాంటి వాళ్లు రెండో ప్రశ్న కూడా అడుగుతారు.

లీవర్ పట్టగానే మోటార్ ఆగే స్విచ్ గురించి ఒక మాట. అది ఉంటే చాలదు. దాని వైరు తెగితే బండి అసలు కదలకూడదు, అలా డిజైన్ చేయడం కష్టం కాదు. ఇప్పుడు చాలా బండ్లలో దీనికి తలకిందులుగా ఉంది. వైరు తెగితే బ్రేకు పట్టలేదనే కంట్రోలర్ అనుకుంటుంది, మోటార్ తోస్తూనే ఉంటుంది. ఈ ఒక్క మార్పు కోసం ప్రత్యేకంగా ఉత్తరం రాసినా తప్పులేదని నా అభిప్రాయం.

బండి ధర పెరుగుతుందని తయారీదారులు అంటారు. కొంత పెరగొచ్చు. కానీ నేను కోరేది ఖరీదైన ఏబీఎస్ కాదు. డ్రమ్ము, షూ, కేబుల్, స్విచ్, ఇవి ఇప్పటికే బండిలో ఉన్నాయి. కావాల్సింది వాటి నాణ్యతా, వాటిని కొలిచే పరీక్షా. బ్యాటరీల విషయంలో మీ శాఖ ఈ మాట వినలేదని గుర్తుంది. 2022లో ఎలక్ట్రిక్ స్కూటర్లు వరసగా అంటుకున్నాయి. ఆ ఏడాదే బ్యాటరీల భద్రత గురించి చెప్పే ఏఐఎస్ 156 ప్రమాణాన్ని సవరించి, 2022 డిసెంబర్ 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమలు చేశారు. మంట లేస్తే పొగ కనిపిస్తుంది, సెల్‌ఫోన్లో వీడియో వస్తుంది, రాత్రికి టీవీలో చర్చ పెడతారు. బ్రేకు పడకపోతే వీడియో ఉండదు. ‘అజాగ్రత్తగా నడిపి పడ్డారు’ అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. మా ఇంట్లో మొదటి రోజు నేను అన్న మాట కూడా అదే. ఆ కేబుల్ చూశాకే మా అమ్మాయికి సారీ చెప్పాను.

ఇంకొకటి ఉంది, అది మీకు బాగా తెలిసే ఉంటుంది. వైరు ఒకటి తీస్తే, బటన్ ఒకటి నొక్కితే పాతిక హద్దు ఎగిరిపోయే బండ్లు రోడ్డు మీద ఉన్నాయి. హద్దు ఎగిరిన క్షణం నుంచి అది చట్టప్రకారం మోటారు వాహనమే, కానీ దానికి రిజిస్ట్రేషన్ ఉండదు, బీమా ఉండదు. గుద్దితే అవతలి వాళ్లకి పరిహారం ఇచ్చే బీమా కంపెనీ కూడా ఉండదు. వాటిని పట్టుకోవడం రాష్ట్రాల రవాణా శాఖల పని అని తోసేయొచ్చు. అయితే వేగానికి వేసిన ఆ తాళం తీస్తే 40, 45లో పరిగెత్తగల మోటార్‌ని అసలు ఎందుకు బిగిస్తున్నారో, దానికి పాతికకి సరిపోయే డ్రమ్మే ఎందుకు ఇస్తున్నారో అడగడం మాత్రం కేంద్రం పనే. నిబంధనలో ఒక వాక్యం చేర్చితే చాలు: తాళం వేసిన వేగానికి కాదు, తాళం తీస్తే ఆ మోటార్, ఆ కంట్రోలర్ అందుకోగల వేగానికి బ్రేకు పరీక్ష చేయాలి. అప్పుడు తాళం పెట్టి మోసం చేయడంలో తయారీదారుకి లాభం ఉండదు, పెద్ద బ్రేకు ఖర్చు ఎలాగూ తప్పదు కాబట్టి.

ఈ బండ్లని ఆపేయమని గానీ, వీటికీ లైసెన్స్ పెట్టమని గానీ నేను అడగడం లేదు. అలా చేస్తే మొదట ఇబ్బంది పడేది పదహారేళ్ల పిల్లలు, మోకాళ్ల నొప్పులతో సైకిల్ తొక్కలేని నా వయసు వాళ్లు. కాగితాల నుంచి మినహాయింపు ఉండనివ్వండి. బ్రేకు కాగితం కాదు.

మీ శాఖ ఏ నిబంధన మార్చాలన్నా ముందు ముసాయిదా పెట్టి, అభిప్రాయాలు చెప్పమని జనాన్ని అడుగుతుంది. ఆ ముసాయిదా ఎప్పుడు వస్తుందో చెప్పగలిగితే చెప్పండి, నా లెక్కలన్నీ కాగితం మీద సిద్ధంగా ఉన్నాయి. ఈలోగా మా అమ్మాయి బండికి రెండు కేబుళ్లూ కొత్తవి వేయించాను, స్విచ్ వైర్లు సోల్డరింగ్ చేయించాను. నెలకోసారి ఆదివారం పొద్దున సెంటర్ స్టాండ్ వేసి, చక్రం తిప్పి, లీవర్ పట్టి చూస్తున్నాను. పోయిన వారం ముందు బ్రేకు నట్టు మళ్లీ అర చుట్టు బిగించాల్సి వచ్చింది.

ఇట్లు,
లైసెన్స్ అక్కర్లేని బండి కొన్న ఒక తండ్రి